ఎదురింటి చెంచాడు పెరుగు

చెన్నప్ప అయ్యవారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుల ఇళ్లకు వెళ్లినప్పుడు ముందుగదిలో తనకోసం వేసిన కుర్చీలో ఆయన కూర్చునేవారు కాదు. వంటగది గుమ్మం దగ్గర పీట వేయించుకుని అక్కడ కూర్చునేవారు. ధర్మవరంలో నలభై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతికిన మనిషి కాబట్టి కుర్చీ ఎత్తు ఆయనకు పడదని కొందరు అనుకునేవారు. ఆయన మాత్రం, "ముందుగదిలో మనుషులు నా కోసం మాట్లాడతారు. వంటింట్లో వాళ్ల కోసం వాళ్లు మాట్లాడుకుంటారు. నాకు రెండోదే బాగుంటుంది," అనేవారు. అడిగిన ప్రశ్నకు అడిగిన రోజే జవాబు చెప్పకపోవడం ఆయనకున్న ఇంకో అలవాటు. దానివల్ల కొందరు శిష్యులు విసిగి వెళ్లిపోయారు కూడా.

ఒక చలికాలం ఆయన హరిద్వారం చూసుకుని, అక్కడినుంచి హిమాచల్ కొండల్లోకి వెళ్లారు. ఒక నది మీద ఆనకట్ట కడుతున్న చోట, ఇంజనీర్ల కాలనీలో ఆయన శిష్యులు ఇద్దరు ఉన్నారు: శేషఫణి, అతని భార్య కుముదిని. ఇద్దరిదీ కదిరి. ఆ కొండల్లోకి వచ్చి ఏడేళ్లయింది. వాళ్లకు తొమ్మిదేళ్ల కూతురు ధృతి, మూడేళ్ల కొడుకు. కాలనీలో తెలుగువాళ్ల ఇల్లు అదొక్కటే.

అయ్యవారు గురువారం సాయంత్రం చేరారు. వేడినీళ్లతో కాళ్లు కడుక్కుని, శాలువా కప్పుకుని, వంటగది గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్నారో లేదో కుముదిని అడగవలసింది అడిగేసింది.

"అయ్యవారూ, పరాయి చోట పిల్లల్ని చెడకుండా పెంచేదెలా?"

అది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. దాని వెనకాలే రెండో మాట వచ్చింది. ఎదురింట్లో బిమల అనే ఆమె ఉంది, ఈ కొండల మనిషే. వాళ్ల అమ్మాయి, ధృతి ఒకే తరగతి. బడినుంచి వచ్చాక ధృతి సగం సాయంత్రం ఆ ఇంట్లోనే. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతోంది. ఆ ఇంటి తిండి, ఆ ఇంటి పాటలు, ఆ ఇంటి నవ్వు. పదిహేను రోజుల కిందట వెళ్లొద్దని గట్టిగా చెబితే, వెళ్లి వచ్చి, వెళ్లలేదని అంది. పెదవి పక్కన వాళ్లింటి మజ్జిగ చార కనిపిస్తూనే ఉంది.

"అబద్ధం ఇంట్లో నేర్చుకోలేదు అయ్యవారూ. మా ఇంట్లో ఎవరూ ఆడరు. అందుకే అడుగుతున్నా. మీరు మంగళవారం తిరిగి పోయేటప్పుడు దాన్ని వెంటబెట్టుకుని పోండి. కదిరిలో మా అక్క ఉంది. అక్కడే చదువుకుంటుంది. మంచీ చెడ్డా తెలిసేదాకా అక్కడ ఉంటే చాలు. తర్వాత నేనే తెచ్చుకుంటాను."

శేషఫణి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆ విషయం మీద ఆ ఇంట్లో అనుకోవలసిన మాటలన్నీ అప్పటికే అనుకోవడం అయిపోయింది. లోపల మంచం మీద ధృతి బట్టలు మడతపెట్టి వరసగా పేర్చి ఉన్నాయి.

"అబద్ధం ఎందుకు చెప్పిందట?" అన్నారు అయ్యవారు.

"ఎందుకేముంది, నేను తిడతానని."

"ఊఁ," అన్నారాయన. "చూద్దాం తల్లీ. ముందు రేపు పొద్దున ఏం పెడతావో చెప్పు," అన్నారు.

కుముదిని ముఖం కొంచెం చిన్నబోయింది. "ఇక్కడ పిండి పులియదు అయ్యవారూ. ఇడ్లీ, దోసె మరిచిపోయి మూడు నెలలైంది. ఓట్స్ చేస్తాను. పిల్లల బడి బండి ఏడున్నరకే వస్తుంది. తొందరగా అయ్యేది అదే."

"ఓట్స్ అంటే గుర్రాలకు పెడతారే, అదేనా?"

"అదే. గుర్రాలు బాగానే పరిగెత్తుతున్నాయి కదా," అన్నాడు శేషఫణి. ఆ సాయంత్రం అతను మాట్లాడిన మాట అదొక్కటే.

మర్నాడు ఓట్స్ వచ్చింది. పాలలో ఉడికించి, బెల్లం వేసి, ఏలకుల పొడి చల్లింది. బాగానే ఉంది. అయ్యవారు పళ్లెం తుడిచి తిని, "మన కొర్ర గంజికి ఇది మేనమామ కొడుకులా ఉంది. దీన్ని పెరుగుతో చేసుకోకూడదా? సద్దన్నంలా చల్లగా, ఇంత అల్లం, మిరపకాయ, పోపు పడితే?" అన్నారు.

అది కుముదిని పుండు మీద వేలు పెట్టినట్టయింది. పెరుగుతో ఓట్స్ ఆమెకు బాగా వచ్చు. పిల్లలు గిన్నెలు నాకేవారు. కానీ ఆ ఇంట్లో పెరుగు తోడుకుని రెండు నెలలైంది. కదిరినుంచి స్టీలు డబ్బాలో మూడు రోజుల రైలు ప్రయాణం చేయించి తెచ్చుకున్న తోడు ఆమె దగ్గర ఉండేది. వానాకాలం దాటింది, మొదటి మంచుకు చచ్చిపోయింది. అప్పటినుంచి ఎదురింటి బిమల రెండు రోజులకోసారి చిన్న గిన్నెలో పెరుగు ఇస్తుంది. దాన్ని తోడుగా వేస్తే ఒక్కరోజూ తోడుకోలేదు. చిత్రమేమంటే బిమల ఇంట్లో రోజూ గడ్డపెరుగే. పాలు పోసేది ఒకడే. చలి రెండు ఇళ్లకూ ఒకటే.

కుముదిని ఊరుకునే మనిషి కాదు. ఒక నోటుపుస్తకం పెట్టింది. ఏ తేదీన తోడు వేసింది, పాలు ఎంత వేడిగా ఉన్నాయి, గిన్నె ఎక్కడ పెట్టింది, ఎన్ని గంటలు ఉంచింది, అన్నీ రాసింది. బియ్యం డబ్బాలో పెట్టినప్పుడు తోడుకోలేదు. రజాయిలో చుట్టినప్పుడు తోడుకోలేదు. హీటరు పక్కన పెట్టినప్పుడు కూడా తోడుకోలేదు. పంతొమ్మిది వరసలున్నాయి ఆ పుస్తకంలో, చివరి గడిలో పంతొమ్మిదిసార్లు ఒకే మాట.

"ఈ నేలే మనకు అచ్చిరాలేదు," అంది పుస్తకం మూసేస్తూ. పెరుగు గురించే అంది కానీ, వినేవాళ్లకు పెరుగు గురించి మాత్రమే అన్నట్టు అనిపించలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె మళ్లీ తోడు వేయబోతుంటే అయ్యవారు పీట మీదనుంచి చూశారు. ఆమె పని చూడముచ్చటగా ఉంది. గిన్నెను మసిలే నీళ్లతో కడిగింది. చెంచాను కడిగింది. పాలు మూడు పొంగులు రానిచ్చి, అడుగంటకుండా కలుపుతూ మరిగించింది. మూత వాలుగా పెట్టి చల్లారనిచ్చి, మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూసింది. అప్పుడు బిమల పంపిన గిన్నె తీసింది. దాన్ని మసులుతున్న నీళ్లలో దించి, గడియారం చూసి పది నిమిషాలు ఉంచింది. పెరుగు విరిగి, పైకి నీళ్లు తేలాయి. చల్లారాక అందులోంచి ఒక చెంచా తీసి పాలలో కలిపి, శాలువా చుట్టి, బియ్యం డబ్బాలో పెట్టింది.

"ఆ గిన్నెను వేడినీళ్లలో ఎందుకు పెట్టినావమ్మా?"

"ఊరికేనండీ. వాళ్లది మాంసం, గుడ్లు అన్నీ వండుకునే ఇల్లు. ఏ చెంచా దేంట్లో పెట్టారో, చేతులు కడుక్కున్నారో లేదో. ఆ వేడికి ఏమున్నా పోతుంది."

"ఏమున్నా పోతుందా?"

"మొత్తం పోతుంది," అంది ఆమె ధీమాగా.

అయ్యవారు తల ఊపారు. నోటుపుస్తకంలో కుముదిని అన్నీ రాసింది కానీ, ఈ పని రాయలేదు. అది ఆమెకు పనిలా తోచలేదు. చేతులు కడుక్కోవడం లాంటిదే, రాసేదేముంది.

శనివారం పొద్దున గిన్నె మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి, పైన మీగడ ఒక్కటి ముడతపడింది. మళ్లీ బెల్లం, మళ్లీ ఏలకుల పొడి. ధృతి మారు మాట లేకుండా తిని లేచింది. పోతూ పోతూ పీట దగ్గర ఆగి, "తాతా, కదిరిలో మంచు పడుతుందా?" అని అడిగింది.

"పడదు. మల్లెపూలు మాత్రం గంపలకు గంపలు."

"మల్లెపూలతో ఆడుకుంటారా?"

"మాలలు కట్టుకుంటారు."

"ఓ," అని ఆ పిల్ల వెళ్లిపోయింది. తల్లి ఆ ఒక్క అక్షరానికి స్టవ్ కట్టేసి, గట్టు పట్టుకుని నిలబడింది.

ఆదివారం మూడు గంటలప్పుడు ఎండ కాస్త బాగా వచ్చింది. పాలు అప్పుడే కాచి కిటికీ పక్కన పెట్టి ఉన్నాయి. అయ్యవారు పీట మీదనుంచి లేచి, "తల్లీ, ఆ ఆనకట్ట నాకు చూపించు. ఊరికి పోతే చూసినావా అని అందరూ అడుగుతారు," అన్నారు.

"తోడు వేసి వస్తాను అయ్యవారూ."

"ఎండ పోతుంది. ఈ ఒక్కరోజు పిల్లను వేయనీ. మంగళవారం పోయే పిల్ల, ఒకసారి ఇంటి పని చేసి పోనీ."

ఆ మాటకు కుముదిని కాదనలేకపోయింది. అయినా ధృతిని పిలిచి చెప్పవలసిందంతా చెప్పింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కో. స్టవ్ ముట్టుకోవద్దు, ఫ్లాస్కులో మసిలే నీళ్లు పోసి పెట్టాను. మణికట్టు మీద చుక్క వేసుకో, కాలకూడదు, చల్లగానూ ఉండకూడదు. బిమలా ఆంటీ గిన్నెను పళ్లెంలో పెట్టి, ఫ్లాస్కు నీళ్లు చుట్టూ పోసి, గడియారంలో పది నిమిషాలు చూడు. ఒక్క చెంచా, రెండు కాదు. నాన్న ముందుగదిలోనే ఉంటాడు. ధృతి ప్రతి మాటకూ తల ఊపింది. తల్లి మొదటినుంచి మళ్లీ చెప్పబోతే అయ్యవారు చెప్పులు వేసుకున్నారు.

చిన్నవాణ్ని ఎత్తుకుని కుముదిని ఆయన వెంట నడిచింది. దారిలో మూడుసార్లు ఆగింది.

"ఫ్లాస్కు మూత బిగువుగా ఉంటుంది, విప్పగలదో లేదో."

"వాళ్ల నాన్న విప్పుతాడు."

కాసేపటికి, "స్టవ్ ఆర్పానో లేదో."

"నువ్వే ఆర్పినావు. నేను చూసినా."

ఇంకాసేపటికి ఏమీ అనకుండా ఊరికే ఆగింది. అయ్యవారు నవ్వి, "ఆనకట్ట ఎటు తల్లీ?" అన్నారు. వాళ్లు తిరిగి వచ్చేసరికి గిన్నె శాలువాలో చుట్టి బియ్యం డబ్బాలో ఉంది. కుముదిని చెయ్యి పెట్టి ముడి సరిచేసింది. ముడి సరిగానే ఉంది.

సోమవారం పొద్దున ఆమె మూత తీసి, గిన్నెను అలాగే కొంచెంసేపు పట్టుకుంది. తర్వాత ఒక పక్కకు వంచింది. పెరుగు కదల్లేదు. చెంచా గుచ్చితే చెంచా నిలబడింది. వాసన చూసింది, నాలుక మీద వేసుకుంది. ఏ పులుపూ లేదు, కమ్మగా ఉంది.

ఆ తర్వాత ఆ వంటగదిలో జరిగిన సందడి ఆ చలికాలంలో ఎన్నడూ జరగలేదు. కుముదిని ఓట్స్‌ను పొడి మూకుట్లో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించింది. ఉప్పు వేసిన నీళ్లలో నాలుగు నిమిషాలు ఉడికించి, వెడల్పు పళ్లెంలో పరిచి, కిటికీ తెరిచి చల్లార్చింది. ఆ చలిగాలికి నిమిషంలో చల్లారింది. వేడి మీద పెరుగు కలిపితే విరుగుతుందని అయ్యవారికి చెప్పింది, ఆయన అడగకపోయినా. పెరుగు చిలక్కుండా గరిటెతో నలిపి, చారెడు పాలు చేర్చి కలిపింది. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరపకాయ, కదిరినుంచి తెచ్చిన ఎండు కరివేపాకు, సన్నగా తరిగిన అల్లం. పోపు చుయ్యిమంటే చిన్నవాడు చప్పట్లు కొట్టాడు. శేషఫణి అడక్కుండానే వచ్చి కింద కూర్చున్నాడు.

"మీ పాదం పెట్టిన వేళ అయ్యవారూ. రెండు నెలల్లో తోడుకోనిది మీరొచ్చి తోడుకుంది," అంది వడ్డిస్తూ.

"నా పాదం నిన్న ఆనకట్ట మీద ఉండింది కదమ్మా." ఆయన ఒక ముద్ద తిని, కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచి, "ఎవరింటి పెరుగు ఇది?" అన్నారు.

"మనింటిదే. ఇంకెవరిది?"

ఆమె ఆ మాట ఎంత సంతోషంగా అందంటే, శేషఫణి తల పైకెత్తి భార్య ముఖం చూశాడు.

అయ్యవారు పిల్ల వైపు తిరిగారు. "ధృతీ, నిన్న నువ్వేం చేసినావు చెప్పు."

ధృతి చెంచా నోట్లోనే ఆగింది. "అమ్మ చెప్పినవన్నీ చేశాను తాతా." మింగింది. "ఒకటి చేయలేదు."

"ఏది?" అంది కుముదిని.

"గిన్నెను వేడి నీళ్లలో పెట్టలేదు."

"మరిచిపోయావా?"

ఆ పిల్లకు అది సులువైన దారి. తల్లే తలుపు తీసి చూపించింది. ధృతి వాళ్ల నాన్న వైపు చూసింది. పళ్లెంలోకి చూసింది.

"లేదు. కావాలనే పెట్టలేదు. బిమలా ఆంటీ పెట్టదు. అలా పెడితే తోడు చచ్చిపోతుందని చెప్పింది. చచ్చిపోయినదాన్ని ఎన్ని చెంచాలు వేసినా పాలు పాలలాగే ఉంటాయట."

"ఎప్పుడు చెప్పింది?"

"నువ్వు వెళ్లొద్దన్న రోజు."

"ఆ రోజు వెళ్లలేదన్నావు."

"వెళ్లాను." ఆ పిల్ల కళ్లు నిండాయి కానీ మాట ఆగలేదు. "నువ్వు తోడును వేడిచేస్తావని ఆంటీకి నేనే చెప్పాను. ఆంటీ నవ్వి, మీ అమ్మకు చెప్పు అంది. చెబితే వెళ్లానని తెలిసిపోతుంది కదా. అందుకే పెరుగు సంగతి కూడా చెప్పలేదు."

చిన్నవాడు పళ్లెంలో ఆవగింజలు ఏరి పక్కన పెట్టుకుంటున్నాడు. కుముదిని చేతిలో గరిటె ఉంది. ఆమె పళ్లాలన్నీ ఒకసారి చూసింది. అందరూ సగం తినేశారు. తనూ రెండు ముద్దలు తినే ఉంది. నోట్లో ఇంకా ఆ కమ్మదనం ఉంది. పదిహేను రోజులుగా ఆ ఇంటి పెరుగు మర్మం తన ఇంట్లోనే, తన పిల్ల నోట్లోనే ఉందన్న సంగతి ఆమెకు మెల్లగా ఎక్కింది. అది బయటికి రాకుండా అడ్డం నిలబడింది ఎవరో కూడా ఎక్కింది. తన పెరుగును ఇక్కడ వేడినీళ్లలో పెడుతున్నారని తెలిసి కూడా బిమల రెండు రోజులకోసారి గిన్నె పంపడం మానలేదు.

అప్పుడే శేషఫణి ఫోను మోగింది. ఆఫీసులో టికెట్లు చూసే మనిషి. శేషఫణి విని, ఫోను చేత్తో మూసి, భార్య వైపు చూశాడు. "రేపటి రైలుకు టికెట్టు ఒకటా, రెండా అని అడుగుతున్నాడు. ఇప్పుడే చెప్పాలట."

కుముదిని అయ్యవారి వైపు చూసింది. ఆయన అల్లం ముక్క నములుతూ, పళ్లెంలో మిగిలిన ఓట్స్‌ను వేలితో దగ్గరికి చేర్చుకుంటున్నారు.

"ఒకటే," అంది ఆమె.

శేషఫణి రెండోసారి అడగలేదు. ఫోను చెవిదగ్గర పెట్టుకుని ముందుగదిలోకి వెళ్లిపోయాడు, ఆమె మళ్లీ ఆలోచించేలోపే చెప్పేయాలన్నట్టు. ధృతి ముక్కు ఎగబీల్చి, ఏం జరిగిందో తెలిసీ తెలియనట్టు తల్లి వైపు చూస్తోంది. కుముదిని ఆ పిల్లను దగ్గరికి తీసుకోలేదు. ఆమెకు అది వెంటనే వచ్చే పని కాదు. పెరుగు గిన్నె ఎత్తి, అడుగున మిగిలిందంతా గరిటెతో గీకి, కూతురి పళ్లెంలో వేయబోయింది.

"ఉండు తల్లీ," అన్నారు అయ్యవారు. "అంతా ఊడ్చేయొద్దు. ఒక చెంచా తీసిపెట్టు. ఎదురింట్లో కూడా ఎప్పుడో ఒకరోజు తోడు అయిపోతుంది."